బొమ్మ రైలుకు స్వయంశక్తి

ఆవిరి ఇంజను తన ఆహారమును తానే మోసికొనిపోవు యంత్రము. బొగ్గును, నీరును వెనుకనున్న టెండరులో నుండును. నిప్పు ముందున్న బాయిలరు కడుపులో నుండును. పట్టా దానికి దారి చూపును, బరువును భరించును; అంతకుమించి ఇచ్చునది ఏమియు లేదు. ఆ ఇంజనుకు ప్రతిరూపముగా అంగళ్లలో దొరకు విద్యుత్ బొమ్మ రైలు నడక వేరు. దాని టెండరు ఖాళీగా నుండును. పట్టాలలో ప్రవహించు విద్యుత్తును చక్రముల ద్వారా అడుగడుగున యాచించుకొనుచు అది నడచును. పట్టాపై ధూళి పడినచో ఆగిపోవును. ఆకు పడినచో ఆగిపోవును. ఆ చిన్న ఇంజనుకు పెద్ద ఇంజనుకుండిన స్వాతంత్ర్యమును తిరిగి ఇచ్చుట యెట్లు అన్నదే ఈ ప్రసంగ విషయము. ఇందులకు మూడు పనులు చేయవలెను: టెండరులో బ్యాటరీ అమర్చుట, రేడియో తరంగములచే వేగమును అదుపు చేయుట, ఇంజనుకు దాని గొంతును ఇచ్చుట.

ఇది కేవలము వేడుక కాదు. మోతీనగరు వాసులకు రైలు కొత్తది కాదు. భరత్‌నగరు, బోరబండ స్టేషనుల మీదుగా సాగు రైలుమార్గము వాడి జంక్షనును హైదరాబాదు నగరమునకు కలుపుచు 1874లో ఆరంభమైన నైజాము రైల్వే మార్గమే. 2003 నుండి దానిపై ఎం.ఎం.టి.ఎస్. బండ్లు నడచుచున్నవి. కాని ఈ ప్రాంతపు బాలబాలికలు వినునది విద్యుత్ మోటారుల ఝంకారము. ఆవిరి ఇంజను ఊపిరి వారెవ్వరును వినలేదు. నగరమునకు మరియొక వైపున కాచిగూడ నుండి మన్మాడు దిక్కుగా సాగిన మీటరు గేజి మార్గముపై ఆ ఊపిరి దశాబ్దముల తరబడి వినబడినది. ఆ మార్గము ఇప్పుడు బ్రాడ్ గేజిగా మారినది; ఆవిరి ఇంజనులు సేవనుండి తొలగినవి. వాని రూపము ఛాయాచిత్రములలో నిలిచినది. ధ్వనిని మాత్రము ఎవరో ఒకరు పనిగట్టుకొని నిలుపుకొనవలెను. డాబాపై తిరుగు చిన్న ఇంజను ఆ పనికి మంచి సాధనము.

మొదట ఏ కొలత బొమ్మను ఎన్నుకొనవలెనో చూతము. బల్లపై నడచు చిన్న రైళ్లకు సాధారణముగా పట్టాల మధ్య వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. అట్టి ఇంజనులో బ్యాటరీకి చోటు దొరకుట కష్టము. ఆరుబయట నడచు తోటరైళ్ల వెడల్పు 45 మిల్లీమీటర్లు. జర్మనీలోని న్యూరెంబర్గు నగరమున లేమన్ సంస్థవారు 1968లో విడుదల చేసిన ఎల్.జి.బి. రైళ్లు ఈ కొలతను లోకమంతట వ్యాపింపజేసినవి. వారు తీసికొనిన నిష్పత్తి ఇరువది రెండున్నరకు ఒకటి. ఒక మీటరును 22.5తో భాగించినచో 44.4 మిల్లీమీటర్లు వచ్చును. అనగా 45 మిల్లీమీటర్ల పట్టా మన మీటరు గేజికి దాదాపు సరియైన ప్రతిరూపము. బ్రాడ్ గేజి ఇంజనును అదే నిష్పత్తిలో చేసినచో పట్టా వెడల్పు 74 మిల్లీమీటర్లకు మించవలెను. కావున డాబా రైలుపై నిలువదగిన మన ఇంజను మీటరు గేజి వై.పి. తరగతి ఇంజను. భారతదేశపు మీటరు గేజి ప్రయాణికుల బండ్లకు 1949 నుండి 1970 వరకు నిర్మింపబడిన ఇంజను ఇది; జంషెడ్‌పూరులోని టెల్కోవారును వీనిని తయారుచేసిరి. సిద్ధమైన వై.పి. బొమ్మ దొరకనిచో ఇంచుమించు అదే చక్రముల అమరికగల విదేశపు బొమ్మను తీసికొని పైతొడుగు మార్చుకొనవచ్చును.

డాబాపై పట్టాలకు విద్యుత్తు నిచ్చుటలో చిక్కులెన్నో కలవు. ఇత్తడి పట్టాపై వానకు, గాలికి పలుచని పొర యేర్పడును. అది విద్యుత్తును చక్కగా ప్రవహింపనీయదు. రైలు నడచుటకు ముందు ప్రతిసారియు పట్టాను రుద్దవలసివచ్చును. మన యెండకు ఇత్తడి సాగును: 10 మీటర్ల పట్టా 30 డిగ్రీల వేడిమి పెరుగుదలకు సుమారు 6 మిల్లీమీటర్లు పెరుగును. అందుచే అతుకుల వద్ద సందు ఉంచక తప్పదు. ఆ సందుల వద్దనే విద్యుత్ సంబంధము సడలును. పట్టా వలయముగా తిరిగి తనను తానే కలిసికొను చోట కుడిపట్టా ఎడమపట్టాను తాకి షార్టు సర్క్యూటు ఏర్పడును. దానిని తప్పించుటకు ప్రత్యేకమైన తీగలు, స్విచ్చులు కావలెను. బ్యాటరీ ఇంజనులోనే ఉన్నచో ఈ బాధలన్నియు ఒక్కసారిగా తొలగిపోవును. పట్టా మరల కేవలము దారి యగును. దానిని ఇత్తడితోనే చేయనక్కరలేదు. చౌకయైన అల్యూమినియముతో చేసినను చాలును.

ఇక బ్యాటరీ మాట. అందుబాటులోనున్నవి ముఖ్యముగా రెండు జాతులు. నికెల్ మెటల్ హైడ్రైడు సెల్లు ఒక్కొక్కటి 1.2 వోల్టుల నిచ్చును; 12 సెల్లులను వరుసగా కలిపినచో 14.4 వోల్టులు వచ్చును. ఇవి బరువైనవి, కాని మొరటు వాడకమును ఓర్చుకొనును. లిథియం అయాన్ సెల్లు ఒక్కొక్కటి 3.7 వోల్టులు, నాలుగు కలిపినచో 14.8 వోల్టులు. ఇవి తేలికయైనవి; తక్కువ చోటులో ఎక్కువ శక్తిని దాచుకొనును. 18 మిల్లీమీటర్ల వ్యాసము, 65 మిల్లీమీటర్ల పొడవు గల సెల్లులు నాలుగు టెండరులో సులభముగా ఇముడును.

అవి ఎంతసేపు నడుపునో లెక్కింతము. సెల్లు సామర్థ్యము 2.6 ఆంపియరు గంటలనుకొందము. మోటారు సగటున ఒక ఆంపియరు, ధ్వని పరికరము, రిసీవరు కలిసి 0.3 ఆంపియరు తీసికొనినచో మొత్తము 1.3 ఆంపియర్లు. 2.6ను 1.3తో భాగించినచో రెండు గంటలు. బ్యాటరీని పూర్తిగా పీల్చివేయక అయిదవ వంతు మిగుల్చుట మేలు. కావున గంటన్నర నిశ్చింతగా నడుపవచ్చును. ఒక సాయంకాలమునకు ఇది చాలును.

లిథియం విషయమున జాగ్రత్త యవసరము. ఒక్కొక్క సెల్లు 4.2 వోల్టులకు మించి నింపబడరాదు, ఇంచుమించు 3 వోల్టులకు దిగువకు జారరాదు. ఈ రెండు హద్దులను కాపాడు రక్షణ పలకను బ్యాటరీతో తప్పక జతచేయవలెను. ఆ జాతికి నిర్దేశింపబడిన చార్జరునే వాడవలెను. సెల్లుఫోను చార్జరునో, పాత రేడియో ఎలిమినేటరునో తగిలించుట ప్రమాదకరము. సాధారణముగా 45 డిగ్రీలకు మించిన వేడిమిలో ఈ సెల్లులను నింపరాదు. వేసవిలో మన నగరమున నీడలోనే 40 డిగ్రీలు దాటు దినములు కలవు. ఎండలో నిలిచిన నల్లని ఇంజను లోపలి వేడిమి అంతకు మించును. కావున బ్యాటరీని ఊడదీసి, ఇంటిలో చల్లనిచోట, మండని గచ్చుపై నుంచి, మనుష్యులు మేల్కొనియున్నప్పుడే చార్జి చేయవలెను. ఉబ్బిన సెల్లును మరల వాడరాదు, చెత్తబుట్టలోను వేయరాదు. వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యతను 2022 నాటి నిబంధనలు తయారీదారులపై నుంచినవి. సేకరణ కేంద్రమునకు ఇచ్చుట మన వంతు. చిన్నపిల్లలే నడుపు రైలైనచో బరువైనను నికెల్ సెల్లులనే ఎన్నుకొనుట వివేకము.

అమర్చునప్పుడు మొదటి పని విడదీయుట. చక్రముల నుండి మోటారునకు పోవు తీగలను పూర్తిగా తొలగించి, వాని కొనలను వేరువేరుగా కప్పివేయవలెను. ఇది మరచినచో అపాయము పొంచియుండును: ఆ ఇంజనును ఎప్పుడైనను విద్యుత్తు గల పట్టాపై నిలిపినచో రెండు దిక్కుల విద్యుత్తును ఎదురుపడి పరికరము క్షణములో కాలిపోవును. తరువాత బ్యాటరీ ధనధ్రువమునకు దగ్గరగా ఒక ఫ్యూజును, దాని తరువాత ఒక స్విచ్చును ఉంచవలెను. స్విచ్చును నీటితొట్టి మూత క్రింద దాచినచో ఇంజను అందము చెడదు. ఈ సామాగ్రి, తీగలు, కనెక్టరులు కోఠీలోని గుజరాతీ గల్లీ దుకాణములలో దొరకును.

రెండవ పని రేడియో నియంత్రణము. దూరమునుండి తరంగములచే యంత్రమును నడుపుట నూటయిరువది యేండ్లకు పైబడిన విద్య. జగదీశ చంద్ర బోసు 1895లో కలకత్తాలో విద్యుదయస్కాంత తరంగములచే దూరముననున్న గంటను మ్రోగించి, మందుగుండును పేల్చి చూపెను. నికోలా టెస్లా 1898లో న్యూయార్కు నగరమున తీగ లేకుండ చిన్న పడవను నడిపి చూపరులను ఆశ్చర్యపరచెను. మన బొమ్మ రైలు ఆ పడవకు మనుమరాలు.

చేతిలోని ప్రసారిణి వేగము, దిశ, కూత అను ఆజ్ఞలను అంకెలుగా మార్చి పంపును; ఇంజనులోని రిసీవరు వానిని గ్రహించును. పాత ఆటవస్తువులు 27 మెగాహెర్ట్జుల ప్రాంతమున పనిచేసెడివి. ఒకే పౌనఃపున్యముపై రెండు బొమ్మలున్నచో ఒకరి ఆజ్ఞకు మరియొకరి బండి కదలెడిది. నేటి పరికరములు 2.4 గిగాహెర్ట్జుల ప్రాంతమును వాడును. ప్రతి ప్రసారిణికిని తన గుర్తు వేరు. చాల పరికరములు పౌనఃపున్యమును మార్చుకొనుచు పోవును. ఒకప్పుడు మన ఇండ్లలో రేడియో వినుటకే లైసెన్సు కావలసియుండెను. 2.4 గిగాహెర్ట్జుల పట్టీని నిర్ణీత శక్తికి లోబడి లైసెన్సు లేకుండ వాడుకొనుటకు మన ప్రభుత్వము 2005లో అనుమతించినది. అమెరికాలో తోటరైళ్లకు అమ్ము కొన్ని పరికరములు 900 మెగాహెర్ట్జుల ప్రాంతమున పనిచేయును. మన దేశమున ఆ ప్రాంతము సెల్లుఫోను సేవలకు కేటాయింపబడినది. కావున అట్టివానిని తెప్పించుకొనరాదు.

ఏరియల్ విషయము రేడియో శ్రోతలకు సులభముగా బోధపడును. హైదరాబాదు ఆకాశవాణి శ్రోతలు చిరకాలముగా ఎరిగిన 738 కిలోహెర్ట్జుల తరంగము పొడవు 406 మీటర్లు. దానిలో నాలుగవ వంతు నూరు మీటర్లకు పైమాట. అందుచేతనే మీడియం వేవ్ ప్రసార స్తంభములు అంతటి ఎత్తున నిలుచును. 2.4 గిగాహెర్ట్జుల తరంగము పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లే. నాలుగవ వంతు 31 మిల్లీమీటర్లు. అగ్గిపుల్లకంటె చిన్నదైన తీగ చాలును. కాని ఆ తీగను లోహపు తొడుగులో మూసివేసినచో తరంగము లోనికి ప్రవేశింపదు. దానికి తగిన చోటు టెండరుపైనున్న ప్లాస్టిక్కు బొగ్గుకుప్ప. ఆ బొగ్గు క్రింద నిలువుగా నుంచినచో కంటికి కనబడదు, తరంగమునకు అడ్డుండదు.

ఆజ్ఞనందుకొనిన రిసీవరు మోటారునకు వోల్టేజిని తగ్గించియు హెచ్చించియు ఇచ్చునని తోచవచ్చును. నిజమునకు అది బ్యాటరీ విద్యుత్తును పూర్తిగా ఇచ్చుచు, పూర్తిగా ఆపుచు సెకనుకు వేలసార్లు మార్చుచుండును. ఇచ్చిన కాలము సగము, ఆపిన కాలము సగము అయినచో మోటారు సగము వోల్టేజి పొందినట్లు నడచును. ఈ మార్పు సెకనుకు కొన్ని వందలసార్లు మాత్రమే జరిగినచో మోటారు తుమ్మెదవలె రొదచేయును. 16,000 సార్లకు పైబడినచో ఆ రొద మన చెవికి దాదాపు అందదు. ధ్వనిని అమర్చదలచినవారికి ఇది ముఖ్యము. రిసీవరు కొనునపుడు చూడవలసిన గుణములు రెండు. చక్రములు బిగిసిపోయినప్పుడు మోటారు తీసికొను గరిష్ఠ విద్యుత్తును అది భరింపగలిగియుండవలెను. తరంగము తెగిపోయినచో మోటారును తనంతట ఆపగలిగియుండవలెను. ఈ రెండవ గుణము లేని రైలు డాబా అంచునుండి క్రిందికి దూకినను ఆశ్చర్యము లేదు.

మూడవ పని ధ్వని. ఫిలింనగరు ప్రక్కనే వసించువారికి ఒక సంగతి విదితము: తెరపై అడుగు పడిన క్షణముననే అడుగు చప్పుడు వినబడనిచో ప్రేక్షకుడు నమ్మడు. రైలు బొమ్మకును అదే నియమము. చక్రము నెమ్మదిగా తిరుగుచుండగా ఊపిరి వడివడిగా వినబడినచో ఎంత చక్కని రికార్డింగైనను వ్యర్థము.

రెండు సిలిండరుల ఆవిరి ఇంజనులో ప్రతి పిస్టనుకును రెండు వైపుల నుండి ఆవిరి ప్రవేశించును. అందుచే నడుపు చక్రము ఒక్కసారి తిరుగునంతలో పొగగొట్టమునుండి నాలుగు ఊపిరులు వెలువడును. వై.పి. ఇంజను నడుపు చక్రముల వ్యాసము 1,372 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 4.31 మీటర్లు. అనగా బండి 1.08 మీటర్లు సాగిన ప్రతిసారియు ఒక ఊపిరి. గంటకు 45 కిలోమీటర్ల వేగమున సెకనుకు పదకొండు, పన్నెండు ఊపిరులు. మన బొమ్మలో చక్రము వ్యాసము 61 మిల్లీమీటర్లు. 48 మిల్లీమీటర్లకు ఒక ఊపిరి రావలెను. చక్రమును, వేగమును ఒకే నిష్పత్తిలో తగ్గినవి గనుక బొమ్మ తన నిష్పత్తికి తగిన వేగమున పోవుచున్నచో సెకనుకు వినబడు ఊపిరుల సంఖ్య పెద్ద ఇంజనులో ఎంతయో ఇందును అంతయే! రూపమును కుదింపవలసివచ్చినను లయను కుదింపనక్కరలేదు.

ఈ లయను సాధించుటకు నడుపు చక్రపు ఇరుసుపై నాలుగు చిన్న అయస్కాంతములను సమదూరమున అతికింతురు. వానికెదురుగా హాల్ సెన్సరు అను చిన్న పరికరము నుంచెదరు. ఎడ్విన్ హాల్ 1879లో కనుగొనిన అయస్కాంత ప్రభావముపై అది పనిచేయును. అయస్కాంతము ఎదుటికి వచ్చిన ప్రతిసారియు అది ధ్వని పరికరమునకు సంకేతమిచ్చును. పరికరము తన జ్ఞాపకములోని ఊపిరిని ఒక్కసారి వినిపించును. అయస్కాంతములను టెండరు చక్రమునకు అతికించినచో ఆ చక్రము చిన్నదగుటచే లయ తప్పును. మేలైన పరికరములు మోటారుపై భారమునుకూడ గమనించును: బరువు లాగుచు బయలుదేరునపుడు ఊపిరిని గట్టిగాను, పల్లమున జారునపుడు మెల్లగాను వినిపించును.

పట్టాలమధ్య ఒక అయస్కాంతమును, ఇంజను అడుగున దానికి స్పందించు రీడ్ స్విచ్చును అమర్చినచో నిర్ణీత స్థలమున కూత తనంతట వినబడును. మన రైలుమార్గముల ప్రక్కన లెవెల్ క్రాసింగునకు ముందు కూత వేయుమని తెల్పు డబ్ల్యు, ఎల్ అక్షరముల పలకలుండును. అట్టి చిన్న పలకను అచ్చట పాతినచో పిల్లలకు దాని అర్థమును తెలియును.

లౌడుస్పీకరును ఊరక వ్రేలాడదీయరాదు. దాని ముందుభాగము గాలిని త్రోయునపుడు వెనుకభాగము లాగును. ఈ రెండు తరంగములు కలిసి ఒకదానినొకటి చంపుకొనును. ముఖ్యముగా మంద్రధ్వనులు నశించును. మన ఇండ్లలోని రేడియో పెట్టెలో స్పీకరును బిగువుగా పలకకు బిగించుటకు కారణమిదియే. టెండరు అడుగుపలకకు రంధ్రములు వేసి, స్పీకరును ముఖము క్రిందికి నుండునట్లు బిగించి, వెనుకభాగమును చిన్న డబ్బాతో గాలి చొరకుండ మూసినచో అదే స్పీకరు రెండింతల నిండుగా పలికినట్లుండును.

ఏ ధ్వనిని నింపవలెను? బజారులో దొరకు పరికరములలో పెక్కింట యూరపు, అమెరికా ఇంజనుల కూతలుండును. అవి మన కూతలు కావు. నీలగిరి రైలు ధ్వనియు దీనికి సరిపడదు. మీటరు గేజిదే యైనను ఆ ఇంజనులకు సిలిండరులు నాలుగు, వాని లయ వేరు. హర్యానాలోని రేవాడి షెడ్డులో రైల్వేవారు కొన్ని ఆవిరి ఇంజనులను ప్రాణముతో కాపాడుచున్నారు. రెండు సిలిండరుల భారతీయ ఇంజను ఊపిరిని రికార్డు చేసికొనదలచినవారికి అది తగిన చోటు. కూతను, బయలుదేరు ఊపిరిని, నిలిచియున్నప్పటి బుసను వేరువేరుగా పట్టుకొనవలెను.

అన్నియు అమరిన పిదప వెంటనే పట్టాపై పెట్టరాదు. మొదటిసారి విద్యుత్తు ఇచ్చునపుడు బ్యాటరీకిని రిసీవరునకును మధ్య 12 వోల్టుల, 21 వాట్టుల కారు ఇండికేటరు బల్బును వరుసగా కలుపుడు. తీగలలో ఎచ్చటనైన తప్పున్నచో బల్బు గట్టిగా వెలుగును. సుమారు రెండు ఆంపియర్లకు మించి విద్యుత్తు ప్రవహింపదు గనుక పరికరము బ్రతికిపోవును. బల్బు వెలుగక మోటారు మెల్లగా కదలినచో బల్బును తీసివేయవచ్చును. తరువాత చక్రములను గాలిలో నుంచి ముందునకు, వెనుకకు నడిపి, ప్రసారిణిని ఆపి మోటారు ఆగునో లేదో చూడవలెను. ఆ పరీక్షలో నెగ్గిన ఇంజనునే డాబాపైకి కొనిపోవలెను.

చివరి పరీక్షకు మాత్రము పరికరము లేదు. కాచిగూడ, సికింద్రాబాదు షెడ్డులలో ఆవిరి ఇంజనులపై పనిచేసినవారు, వానిపై ప్రయాణించినవారు మన ఇరుగుపొరుగున ఇంకను ఉన్నారు. వారిలో ఒకరిని సాయంకాలము డాబాపైకి పిలిచి, కుర్చీ వేసి, ఇంజనును వారి వెనుకనుండి నడిపి వినిపింపుడు. కూత హెచ్చినదని గాని, ఊపిరి పలుచబడినదని గాని వారు చెప్పినచో సరిదిద్దుడు. ఆ ధ్వనిని విని గుర్తింపగల చెవులు ఏటేట తగ్గుచున్నవి. కావున ఈ పనిని వచ్చు వేసవికి వాయిదా వేయక, చలికాలపు సెలవులలోనే ఆరంభించుట మంచిది.